గీకినట్టు, తుడిచినట్టు, అద్ది తీసినట్టు: డిజిటల్ పెయింటింగ్‌లో రంగు తీసిన ఆనవాళ్లు తెప్పించడం ఎలా

డిజిటల్ ఇరేజర్‌తో ఉన్న చిక్కల్లా అది మరీ శుభ్రంగా చెరిపేయడమే. నిజమైన కాన్వాస్ మీద రంగు అంత తేలిగ్గా వదలదు. గుడ్డతో తుడిస్తే నేత సందుల్లో దాక్కుంటుంది. కత్తితో గీకితే పక్కకు జరిగి గట్టు కడుతుంది. ఆరిన నీటిరంగును తడి కుంచెతో ఎత్తబోతే, కాగితం తాగినంత మేర మరకగా ఉండిపోతుంది. ఈ మిగులునే చిత్రకారులు పనిముట్టుగా చేసుకున్నారు. 1628 ప్రాంతంలో రెంబ్రాంట్ వేసుకున్న స్వీయచిత్రం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. అందులో జుట్టు ఉంగరాల మెరుపు రంగు పూస్తే వచ్చింది కాదు. పచ్చిగా ఉన్న ముదురు రంగులో కుంచె పిడి కొసతో గీరితే, కింది లేత పొర బయటపడి వచ్చింది. టర్నర్ నీటిరంగుల్లో మెరుపుల కోసం గోటితో కాగితాన్నే గీరేవాడు.

ఇదంతా తెర మీద రాబట్టాలంటే ముందు ఒక అలవాటు మార్చుకోవాలి. చెరిపిన చోట ఏం కనపడాలో చెరపకముందే నిర్ణయించుకోవాలి. రంగు తీసే ప్రతి చోటా మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. కింద ఏముంది? పూర్తిగా పోకుండా ఎక్కడెక్కడ మిగిలింది? తీసిన రంగు ఎటు పోయింది? మార్కెట్లో దొరికే "స్క్రాచ్ బ్రష్" ప్యాక్‌లు చాలావరకు రెండో ప్రశ్నకు మాత్రమే జవాబిస్తాయి. అందుకే వాటితో గీస్తే గీతలు బాగానే ఉంటాయి గానీ గీకినట్టు అనిపించదు.

ఇక్కడ చెప్పేవి చాలావరకు ఫొటోషాప్, క్రిటా, క్లిప్ స్టూడియో పెయింట్, ప్రొక్రియేట్‌లలో చేసుకోవచ్చు. మీ దగ్గర ఇంకేదైనా ఉన్నా పర్వాలేదు. లేయర్ మాస్క్ (నలుపు పూసిన చోట లేయర్‌ను దాచి, తెలుపు పూసిన చోట చూపించే తెర), టెక్స్చర్ పెట్టుకోగలిగిన బ్రష్, ఒత్తిడిని గుర్తించే స్టైలస్ ఉంటే చాలు.

ముందు పొరలు పేర్చుకోండి

పొడవు వైపు 3000 నుంచి 4000 పిక్సెళ్లు ఉండేలా ఫైల్ తెరవండి. అంతకంటే చిన్నదైతే గరుకు నిలవదు, మరీ పెద్దదైతే టెక్స్చర్ బ్రష్‌లు నత్తనడక నడుస్తాయి. ఆ తర్వాత అడుగు నుంచి పైకి ఇలా పేర్చండి:

1. నేల. దీన్ని తెల్లగా వదిలేయకండి. లేత గోధుమ, వెచ్చని బూడిద, కావి, ఏదో ఒకటి పూయండి. గీకిన ప్రతి చోటా కనపడేది ఇదే కాబట్టి చిత్రం మొత్తానికి దీని ఛాయ అంటుతుంది.
2. మరక. దీన్ని ఇప్పుడే నింపనక్కర్లేదు.
3. రంగు. మీరు చిత్రం వేసే లేయర్ ఇదే. దీనికి లేయర్ మాస్క్ తగిలించండి. క్రిటాలో దీని పేరు ట్రాన్స్‌పరెన్సీ మాస్క్.
4. గట్లు. ప్రస్తుతానికి ఖాళీ లేయర్.

రంగు లేయర్ మీద పని ఒక కొలిక్కి వచ్చాక దాన్ని డూప్లికేట్ చేసి, ఆ కాపీని రెండో స్థానంలోకి దించండి. దాని మాస్క్ తీసేసి, 3 నుంచి 5 పిక్సెళ్ల బ్లర్ వేసి, ఒపాసిటీని 15 నుంచి 30 శాతానికి తగ్గించండి. ఇదే మీ మరక. ఇప్పుడు పై లేయర్ మాస్క్‌లో ఎక్కడ నలుపు పూసినా ఉత్త నేల బయటపడదు. రంగు ఇంకిన నేల బయటపడుతుంది. ఈ ఒక్క పనితోనే ఇరేజర్‌తో చెరిపిన వాసన సగానికి సగం పోతుంది.

అసలు ఇరేజరే వాడొచ్చుగా, మాస్క్ ఎందుకు అనొచ్చు. తీసిన రంగును కొంచెం వెనక్కి పెట్టాల్సిన అవసరం ఈ పనిలో మాటిమాటికీ వస్తుంది. గీరిన గాడిలో ఓ ముక్క తిరిగి నింపాలి, తుడిచిన చోట గుడ్డ అంటించిన మురికి పెట్టాలి. మాస్క్‌లో అది ఒక తెల్ల గీత. పైగా ఆ మాస్క్‌నే తర్వాత లెవెల్స్‌తో, అంటే నలుపు తెలుపుల హద్దులను జరిపే సర్దుబాటుతో, మలచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: క్లిప్ స్టూడియోలో మాస్క్ మీద నలుపు పూస్తే దాగదు, అక్కడ ట్రాన్స్‌పరెంట్ రంగుతో గీయాలి. సి కీ నొక్కితే చేతిలో ఉన్న బ్రష్షే ట్రాన్స్‌పరెంట్‌గా మారుతుంది.

మాస్క్ లేకుండా నేరుగా చెరపాలనుకున్నా, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గుండ్రటి ఇరేజర్‌ను ముట్టుకోకండి. రంగు వేసిన బ్రష్‌తోనే రంగు తీయండి. క్రిటాలో ఇ కీ నొక్కితే ఏ బ్రష్ అయినా ఇరేజర్ అవుతుంది. ప్రొక్రియేట్‌లో ఇరేజర్ గుర్తు మీద వేలు కాసేపు ఉంచితే అప్పటిదాకా వాడుతున్న బ్రష్ అందులోకి వస్తుంది. ఫొటోషాప్‌లో బ్రష్ మోడ్‌ను క్లియర్‌గా మారిస్తే అదే పని.

గరుకు అన్నిటికీ ఒకటే

చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. కాన్వాస్ కానీ కాగితం కానీ మిట్టలూ పల్లాలూ ఉన్న ఉపరితలం. ఎండు కుంచె దాని మీద తేలిగ్గా పోతే రంగు మిట్టలకే అంటుతుంది, పల్లాలు ఖాళీగా ఉంటాయి. అదే ఉపరితలం నిండా రంగు పూసి గుడ్డతో తుడిస్తే, గుడ్డ కూడా మిట్టలనే తాకుతుంది. మిట్టల మీద రంగు పోయి పల్లాల్లో మిగులుతుంది. కత్తి, గరుకు కాగితం, వేలు, ఏదైనా ఇంతే. వేసేటప్పుడూ తీసేటప్పుడూ ముందు తగిలేవి మిట్టలే.

అంటే రంగు వేసే బ్రష్‌కు ఏ టెక్స్చర్ పెట్టారో, ఏ స్కేల్‌లో పెట్టారో, తీసే బ్రష్‌కూ సరిగ్గా అదే పెట్టాలి. తీయడం వేయడానికి వ్యతిరేకం కదా అని కొందరు టెక్స్చర్‌ను ఇన్వర్ట్ చేస్తారు. అలా చేస్తే పల్లాల్లోని రంగు పోయి మిట్టల మీద మిగులుతుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోవచ్చు గానీ, ఏదో తేడాగా ఉందని వాళ్ల కళ్లకు తెలిసిపోతుంది.

ఆ గరుకు కాన్వాస్‌కు అంటుకుని ఉండాలి, బ్రష్‌తో పాటు కదలకూడదు. ప్రొక్రియేట్ బ్రష్ స్టూడియోలో గ్రెయిన్ కింద మూవింగ్, టెక్స్చరైజ్డ్ అని రెండు ఉంటాయి. మనకు కావలసింది రెండోది. క్రిటాలో ప్యాటర్న్ మామూలుగానే కాన్వాస్‌కు కట్టుబడి ఉంటుంది, ర్యాండమ్ ఆఫ్‌సెట్ గడులు టిక్ చేయకుండా వదిలేయండి. ఫొటోషాప్‌లో బ్రష్ సెట్టింగ్స్‌లోని టెక్స్చర్ విభాగంలో మోడ్‌ను హైట్ లేదా లీనియర్ హైట్‌కు మార్చండి. టెక్స్చర్ ఈచ్ టిప్ టిక్ చేస్తే డెప్త్‌ను పెన్ ప్రెజర్‌కు కట్టే వీలు వస్తుంది. మెల్లగా తాకితే మిట్టలు మాత్రమే తేలాలి, గట్టిగా నొక్కితే పల్లాలు కూడా ఖాళీ కావాలి. ఒక మూల గీసి చూడండి. ఈ రెండు కొసల మధ్య తేడా స్పష్టంగా తెలిసేదాకా డెప్త్ సర్దుకుంటూ ఉండండి. ఇక్కడ పెట్టిన సమయం వృథా పోదు.

గుడ్డతో తుడుపు

నిండా ముదురు రంగు పూసి, వెలుగు కావలసిన చోటల్లా తుడుచుకుంటూ రూపం తేవడం పాత పద్ధతి. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా 1870ల చివర్లో మోనోటైపుల (పలక మీది బొమ్మను కాగితానికి అద్ది తీసే ముద్రల) కోసం లోహపు పలక నిండా ఇంకు పూసి గుడ్డతో, వేళ్లతో తుడిచి వెలుగు తెచ్చేవాడు. అభ్యాసానికి ఇంతకంటే మంచిది లేదు, దీంతోనే మొదలుపెట్టండి. రంగు లేయర్‌ను బర్న్ట్ అంబర్‌లాంటి గోధుమ రంగుతో నింపి, వెలుగంతా మాస్క్‌లోనే రాబట్టండి.

నలిపి పట్టుకున్న గుడ్డకు ఓ తీరు ఉంటుంది. తాకిన మొదట్లో బాగా తుడుస్తుంది. పోనుపోను రంగు పీల్చుకుని మురికైపోయి, చివరికొచ్చేసరికి తీయడం మానేసి తిరిగి పూయడం మొదలుపెడుతుంది. మీ బ్రష్‌కు ఇది నేర్పాలి. ఫొటోషాప్‌లో ట్రాన్స్‌ఫర్ కింద ఒపాసిటీ కంట్రోల్‌ను ఫేడ్‌కు మార్చండి. క్రిటాలో ఒపాసిటీకి ఫేడ్ సెన్సర్ ఉంది. గీత పోయేకొద్దీ తుడుపు బలహీనపడుతుంది. తర్వాత అదే బ్రష్‌తో, ఇప్పుడు తెలుపు తీసుకుని, గీత చివర 10 శాతం ఒపాసిటీతో ఒక్కసారి రుద్దండి. గుడ్డ వదిలిన మురికి అక్కడ చేరుతుంది.

మాస్క్‌ను పూర్తి నలుపుకు తీసుకెళ్లకండి. ఒక్క తుడుపుకు మాస్క్ సగం బూడిదకు రావాలి, రెండో తుడుపుకు ముదురు బూడిదకు. ద్రావకంలో ముంచిన గుడ్డతో రుద్దిన చోట, అంటే చిత్రంలో ఒకటి రెండు అత్యంత ప్రకాశవంతమైన చోట్ల మాత్రమే, నలుపుకు దగ్గరగా పోనివ్వండి. వేలికి చుట్టిన గుడ్డ నడి భాగాన్ని శుభ్రం చేసి రంగును రెండు పక్కలకూ నెడుతుంది కదా, తుడిచిన బాటకు ఇరుపక్కలా అంచులు కాస్త ముదురుగా ఉండాలి. గట్ల లేయర్‌ను మల్టిప్లైలో పెట్టి, అదే రంగుతో, ఆ అంచుల వెంట అక్కడక్కడా పలచగా పూయండి. మొత్తం పొడవునా పూస్తే చిత్రం కాస్తా బొమ్మల పుస్తకంలా తయారవుతుంది.

కుంచె పిడితో గీరడం: సగ్రఫీటో

గీకుడు పద్ధతులన్నిటిలో తెర మీద బాగా వస్తే అబ్బురపరిచేది, సరిగా రాకపోతే వెంటనే పట్టుబడేది ఇదే.

ముందు కింది పొర గురించి. సగ్రఫీటోలో గీత రంగంతా కింది పొరదే కాబట్టి, పై రంగుకూ కింది రంగుకూ వెలుగులో గట్టి తేడా ఉండాలి. ముదురు నీలం కింద నారింజ, నలుపు కింద లేత పసుపు లాంటివి. కింది పొర ఆరిపోయినదిగా లెక్క, అందుకే ఇక్కడ మరక లేయర్ ఒపాసిటీని 10 శాతానికి దించేయండి. పిడి కొస దాదాపు అడుగుదాకా గీరుతుంది, పెద్దగా ఏమీ మిగల్చదు.

బ్రష్ గుండ్రంగా, అంచు గట్టిగా ఉండాలి. 3000 పిక్సెళ్ల కాన్వాస్‌కు 8 నుంచి 14 పిక్సెళ్ల సైజు సరిపోతుంది. ఒపాసిటీ, ఫ్లో రెండూ 100. స్పేసింగ్ 3 నుంచి 5 శాతం. సైజును ఒత్తిడికి కట్టకండి. చెక్కపిడి కుంచె వెంట్రుకల్లా వంగదు, దాని గీత మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకే మందం. మొనదేలిన సన్నటి కొసలు కనపడ్డాయంటే అది పిడి గీత కాదు, పెన్ గీత. టెక్స్చర్ డెప్త్ తక్కువ పెట్టండి, 10 నుంచి 20 శాతం. స్టెబిలైజర్ ఆపేయండి. చిక్కటి రంగు చేతికి అడ్డుపడి ఇచ్చే చిన్న వణుకు గీతకు మేలే చేస్తుంది.

ఇక మూడో ప్రశ్న, తీసిన రంగు ఎటు పోయింది? నాగలి చాలుకు రెండు పక్కలా మట్టి లేచినట్టు, చిక్కటి రంగులో గీసిన గాడికి రెండు పక్కలా గట్లు లేస్తాయి. వీటి వెలుగునీడల వరుస ఒకసారి మనసులో పట్టుకుంటే మళ్లీ మరచిపోరు. వెలుగు ఎడమ పైమూల నుంచి పడుతోందనుకోండి. మీ చూపు గాడికి అడ్డంగా, ఎడమ నుంచి కుడికి పోతుంటే మొదట ఎడమ గట్టు ఎక్కే వాలు, అక్కడ వెలుగు. గట్టు దిగి గాడిలోకి జారే గోడ, అక్కడ నీడ. గాడి అడుగు, కింది పొర రంగు. కుడి గట్టు ఎక్కే గోడ, అక్కడ వెలుగు. ఆ గట్టు అవతలి వాలు, మళ్లీ నీడ. అంటే గాడి లోపల నీడ ఎడమవైపు, వెలుగు కుడివైపు. ఇది తారుమారైతే గాడి గాడిలా ఉండదు, కాన్వాస్ మీద తీగ అంటించినట్టు ఉబ్బి కనపడుతుంది.

ఫొటోషాప్‌లో రంగు లేయర్‌కు బెవెల్ అండ్ ఎంబాస్ ఇచ్చి ఇందులో చాలా పని సాఫ్ట్‌వేర్‌తోనే చేయించొచ్చు. ఇన్నర్ బెవెల్, చిజెల్ సాఫ్ట్, సైజు 3 నుంచి 6 పిక్సెళ్లు, హైలైట్ ఒపాసిటీ 30, షాడో 40 దగ్గర మొదలుపెట్టండి. కోణం మీ చిత్రంలోని వెలుగుకు సరిపోవాలి. లేయర్ స్టైల్ డబ్బాలో లేయర్ మాస్క్ హైడ్స్ ఎఫెక్ట్స్ అనేది టిక్ లేకుండా ఉండాలి. అప్పుడే బెవెల్ మాస్క్ అంచులను పట్టుకుని నడుస్తుంది. క్రిటాలోనూ లేయర్ స్టైల్స్‌లో బెవెల్ ఉంది. అయితే దాన్ని అలాగే వదిలేస్తే ప్రతి గట్టూ ఒకే ఎత్తున, అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఫొటోషాప్‌లో లేయర్ స్టైల్ మెనూలోని క్రియేట్ లేయర్స్‌తో ఆ వెలుగునీడలను విడి లేయర్లుగా చేసి, గీతల పొడవులో సగానికి పైగా మెత్తగా చెరిపేయండి. క్లిప్ స్టూడియోలో, ప్రొక్రియేట్‌లో బెవెల్ లేదు. గట్ల లేయర్‌ను నార్మల్‌లో ఉంచి, అందులో చేత్తోనే సన్నటి వెలుగు, నీడ గీసుకోవాలి. నా మాటగా చెప్పాలంటే చేత్తో గీసినవే బాగుంటాయి, ఎందుకంటే విసుగుపుట్టి ఎక్కడో ఒకచోట మానేస్తారు, గట్లు కూడా అలాగే అక్కడక్కడా మాత్రమే ఉండాలి.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండు విషయాలు. మొదటిది గీత చివర. పిడి లేచే చోట తోసుకొచ్చిన రంగు చిన్న ముద్దగా ఆగిపోతుంది. మొదలు శుభ్రంగా, చివర ముద్దగా ఉంటే గీత ఏ దిక్కు నుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది. రెండోది గీతలు అడ్డంగా దాటే చోటు. రెండో గీత మొదటి గీత గట్టును కోసుకుంటూ పోయి, ఆ గట్టులోని రంగును కొంత మొదటి గాడిలోకి తోసేస్తుంది. కాబట్టి దాటిన చోటుకు ఆనుకుని, మొదటి గాడిలో, మాస్క్ మీద తెలుపుతో ఒక చిన్న అడ్డుకట్ట వేయండి. నాలుగైదు చోట్ల చేస్తే చాలు. ఏ గీత ముందు, ఏది వెనక అన్నది తెలిసిపోయి, గీతల గుంపంతా ఒక చెయ్యి నడిచిన దారిలా కనపడుతుంది.

రంగు పలచనైతే గట్లు వద్దు, మాస్క్ గీత ఒక్కటే చాలు. సగం ఆరిన రంగైతే గీత అంచులు చిరిగినట్టు ఉండాలి. బ్రష్ టిప్‌ను గుండ్రటి దాని నుంచి పొడి అంచుల టిప్‌కు మార్చి స్పేసింగ్ 15 శాతానికి పెంచండి.

కత్తి, స్క్వీజీ, అద్దుడు కాగితం

ప్యాలెట్ కత్తితో గీకిన చోట దాదాపు అంతా పోయి నేత సందుల్లో మాత్రమే రంగు ఉంటుంది. దీనికి 200 పిక్సెళ్ల వెడల్పు, 5 లేదా 6 పిక్సెళ్ల మందం ఉన్న బద్దలాంటి బ్రష్ టిప్ చేసుకుని, కోణాన్ని గీత దిశకు కట్టండి, బద్ద ఎప్పుడూ కదలికకు అడ్డంగా ఉండేలా. టెక్స్చర్ డెప్త్ బాగా పెంచండి. బద్ద అంచులో రెండు మూడు చిన్న నొక్కులు పెడితే గీకిన దారి పొడవునా సన్నటి చారలు వదులుతుంది. కత్తి ఆగిన చోట రంగు చుట్టచుట్టుకుని పేరుకుంటుంది. గీకిన ప్రాంతంలోని రెండు మూడు రంగులను కలిపి, కొంచెం మసకబారిన రంగుతో అక్కడ ఒక దళసరి గీత పెట్టండి. కత్తి రంగులను కలిపేస్తుంది కాబట్టి ఆ ముద్ద ఏ ఒక్క రంగులోనూ ఉండదు.

మ్యాక్స్ ఎర్నెస్ట్ 1920ల్లో గ్రటాజ్ అనే పద్ధతి వాడాడు. కాన్వాస్ కింద గరుకు వస్తువులు పెట్టి, పైన రంగును గీకేయడం. వస్తువు ఉబ్బెత్తుగా ఉన్న చోట రంగు పోయి దాని ఆకారం నేల రంగులో తేలుతుంది. వలో, తాడో, చెక్క చారలో ఫొటో తీసి బూడిద రంగులోకి మార్చి, కత్తి బ్రష్‌కు టెక్స్చర్‌గా పెట్టండి. ఎప్పుడూ ఒకే దిక్కుగా గీకండి, అటూ ఇటూ రుద్దితే ఆకారం మసకైపోతుంది.

జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ వాడిన స్క్వీజీ (రంగును లాగే వెడల్పాటి బద్ద) పని వేరు. అది ఒక చోట తీసిన రంగును పక్కనే పూసుకుంటూ, మధ్యలో చింపుకుంటూ పోతుంది. మాస్క్ ఒక్కటే సరిపోదు, స్మడ్జ్ కావాలి. ముందు అన్ని లేయర్ల కాపీని కలిపి ఒకటి చేయండి, అసలువి దాచి ఉంచండి. క్రిటాలో కలర్ స్మడ్జ్ ఇంజిన్‌తో, స్మడ్జ్ లెంగ్త్ 90 పైన, కలర్ రేట్ సున్నా దగ్గర పెట్టి, వెడల్పాటి చిరుగు అంచు టిప్‌తో ఒక్క లాగు లాగండి. ఫొటోషాప్‌లో మిక్సర్ బ్రష్‌కు వెట్ ఎక్కువ, లోడ్ చాలా తక్కువ. తర్వాత ఈ లేయర్‌కు మాస్క్ పెట్టి, లాగిన దిక్కుకు అడ్డంగా చిన్న చిన్న చిరుగులు తీయండి, వాటిలోంచి అసలు చిత్రం కనపడుతుంది.

అద్ది తీయడం వీటికి పూర్తిగా వేరు. 1918 నుంచి 1930 దాకా లండన్ స్లేడ్ స్కూల్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న హెన్రీ టాంక్స్ పేరు మీదే దీనికి టాంకింగ్ అన్న పేరు వచ్చింది. రంగు ఎక్కువైపోయిన చోట పీల్చుకునే కాగితం పరిచి, చేత్తో రుద్ది, మెల్లగా ఒలిచేస్తారు. పైపొర కాగితానికి అంటుకుపోతుంది, మిగిలింది మెత్తగా, మెరుపు లేకుండా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. దీనికి గీత గీయకండి, ముద్ర వేయండి. నలిగిన కాగితం టిప్‌ను 800 పిక్సెళ్ల పైన పెట్టి, 30 శాతం ఒపాసిటీతో, ప్రతిసారీ కోణం తిప్పుతూ ముద్రలు వేయండి. ఆ ప్రాంతంలో గట్ల లేయర్‌ను తప్పకుండా చెరిపేయండి, కాగితం అద్దాక ఏ గట్టూ నిలవదు. రూపం అంచులు కూడా కొంచెం కరగాలి. చిత్రం బిగుసుకుపోయినప్పుడు, వివరాలు మరీ ఎక్కువైనప్పుడు ఇది గొప్ప మందు, టెక్స్చర్ అక్కర్లేకపోయినా వాడుకోవచ్చు.

నీటిరంగును ఎత్తడం

ఇక్కడ రంగును బట్టి మిగులు మారుతుంది. థాలో నీలం, క్వినాక్రిడోన్ ఎరుపులు కాగితాన్ని పట్టుకుని వదలవు. కోబాల్ట్ నీలం, అల్ట్రామెరైన్ చాలావరకు లేస్తాయి. కాబట్టి మరక లేయర్ ఒపాసిటీ అన్ని రంగులకూ ఒకేలా ఉండకూడదు. పట్టుకునే రంగులు ఉన్న చోట 40 శాతం దాకా, తేలిగ్గా లేచేవాటికి 10 శాతం. ఇంత చిన్న తేడాకే రంగులకు వేటి స్వభావం వాటికి వచ్చేస్తుంది.

తడి కుంచెతో ఎత్తిన చోటుకు మెత్తటి బ్రష్, తక్కువ ఫ్లో, రెండు మూడు సార్లు అదే దారిలో. నీళ్లు రంగును పక్కలకు తోస్తాయి కాబట్టి అంచు వెంట సన్నటి ముదురు గీత. టిష్యూ అద్దితే అంచులు గట్టిగా, మడతల గుర్తులతో ఉంటాయి. మబ్బులకు ఇదే వాడతారు, పై అంచు గట్టిగా ఉంచి కింది అంచును మెత్తగా కరిగించండి.

ఉప్పు చల్లిన టెక్స్చర్ కోసం గుండ్రటి చుక్కలు పెడితే అది ఉప్పులా ఉండదు. ప్రతి పలుకూ తన చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటూ అంచులు చీలిన నక్షత్రంలాంటి మచ్చ వదులుతుంది. అలాంటి టిప్‌లు మూడు నాలుగు చేసుకుని, సైజ్ జిట్టర్ (ముద్ర ముద్రకూ సైజు మారే మోతాదు) 60 నుంచి 80 శాతం, యాంగిల్ జిట్టర్ 100, స్కాటర్ ఎక్కువ పెట్టండి. రంగు బాగా తడిగా ఉన్న చోట మచ్చలు పెద్దగా, మసకగా, ఆరుతున్న చోట చిన్నగా, స్పష్టంగా వస్తాయి. అందుకే చిత్రం అంతటా ఒకే సెట్టింగ్‌తో చల్లకండి, తడి ఎక్కడ ఎక్కువ ఉండేదో ముందు అనుకుని, అక్కడ బ్రష్ పెద్దది చేసి మెత్తబరచండి. ఆల్కహాల్ చుక్కలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి, మధ్య లేతగా, చుట్టూ ముదురు వలయంతో.

బ్లేడుతో గీరడం అన్నీ ఆరాక చేసే పని. ఇది కాగితం పైపొరనే లేపేస్తుంది కాబట్టి మరక కూడా పోవాలి. రంగు లేయర్, మరక లేయర్ రెండిటినీ ఒక గ్రూపులో పెట్టి, గ్రూపు మాస్క్ మీద టెక్స్చర్ డెప్త్ గరిష్ఠంగా ఉన్న సన్నటి బ్రష్‌తో మెల్లగా తాకండి. నీటి మీద ఎండ మెరుపు లాంటి తెగిన తెల్ల గీతలు వస్తాయి. అక్కడ మాత్రం నేల తెల్లగానే ఉండాలి.

అరిగిన పెయింట్, రాలిన పెచ్చులు

పాత తలుపులు, పడవలు, యంత్రాల మీద ఒకదాని మీద ఒకటి వేసిన పెయింట్లు అరిగితే వలయాలు వలయాలుగా కనపడతాయి. చేత్తో గీస్తే తల ప్రాణం తోకకొస్తుంది గానీ దీనికో చక్కటి దారి ఉంది. నాలుగు రంగులను నాలుగు లేయర్లుగా నింపండి. విడిగా ఒక బూడిద రంగు బొమ్మ తయారు చేయండి, మబ్బు మబ్బుగా, మచ్చలతో, మూలల దగ్గరా చేతులు తగిలే చోట్లా ముదురుగా. ఆ ఒకే బొమ్మను పై మూడు లేయర్ల మాస్క్‌లలోకీ కాపీ చేయండి. ఇప్పుడు ఒక్కో మాస్క్‌ను లెవెల్స్‌తో వేర్వేరు చోట కోయండి. అన్నిటికంటే పైదాన్ని నలుపు 135, తెలుపు 145 దగ్గర, రెండోదాన్ని 105, 115 దగ్గర, మూడోదాన్ని 75, 85 దగ్గర. బాగా అరిగిన చోట అడుగు పొర, దాని చుట్టూ ఒక్కో పొర వలయంగా తేలుతుంది. రెండు అంకెల మధ్య దూరం పెంచితే గరుకు కాగితంతో రుద్దినట్టు మెత్తగా, తగ్గిస్తే పెచ్చు ఊడినట్టు పదునుగా వస్తుంది. పెచ్చులకు లేయర్ కింద 1 లేదా 2 పిక్సెళ్ల నీడ ఇవ్వండి, అరుగుదలకు ఇవ్వకండి.

మీ టెక్స్చర్లు మీరే చేసుకోండి

దళసరి కాగితం ముక్కల మీద నల్ల రంగు పూసి ఒకదాన్ని గీకండి, ఒకదాన్ని తుడవండి, ఒకదాని మీద కాగితం అద్ది ఒలవండి. ఆరాక 600 డీపీఐలో స్కాన్ చేయండి. ఫోన్‌తో తీస్తే పక్క నుంచి వెలుగు పడకుండా చూసుకోండి, లేకపోతే కాగితం నీడలు కూడా టెక్స్చర్‌లోకి వచ్చేస్తాయి. లెవెల్స్‌తో తెలుపును పూర్తి తెలుపు చేసి బ్రష్ టిప్‌గా దాచుకోండి. ఒకే ముద్ర రెండోసారి కనపడితే కన్ను వెంటనే పట్టేస్తుంది కాబట్టి ప్రతి రకానికీ అయిదారు వేర్వేరు టిప్‌లు ఉండాలి. అతుకు కనపడని ప్యాటర్న్ కావాలంటే క్రిటాలో డబ్ల్యూ కీ నొక్కి ర్యాప్ అరౌండ్‌లో అంచులు సరిచేసుకోండి, ఫొటోషాప్‌లో వ్యూ మెనూలోని ప్యాటర్న్ ప్రివ్యూ అదే పనికి వస్తుంది.

పని చేస్తున్నంతసేపూ మధ్యమధ్యలో 100 శాతం జూమ్‌కు వచ్చి చూడండి. దగ్గరికి జూమ్ చేసి చూస్తే ప్రతి గట్టూ ముద్దొస్తుంది, తీరా 100 శాతంలో చిత్రం అంతా గజ్జి పట్టినట్టు ఉంటుంది. చూపు ఆగాల్సిన చోట ఒకటో రెండో పద్ధతులు వాడి, మిగతా చోట్ల రంగును ప్రశాంతంగా వదిలేయడం మంచిది. ప్రింట్‌కు పంపే చిత్రమైతే ఇంకో పని ఉంది. ప్రింట్‌లో సన్నటి గరుకు మెత్తబడుతుంది. అందుకే గీకుడు ఎక్కువగా ఉన్న ఓ చిన్న ముక్కను కత్తిరించి, అసలు సైజులోనే ముందు ప్రింట్ తీయించి, పల్లాల్లోని మరక కనపడకపోతే మరక లేయర్‌ను ఇంకో అయిదు శాతం పెంచి, అప్పుడు మొత్తం ఫైల్ పంపండి.